ఒక్క కుర్చీ సంగీతం

కిందటేడు దసరాకి మావారు రెండు స్పీకర్లు కొన్నారు. ఒక్కొక్కటీ మా చిన్నవాడి ఎత్తుంది. ఆనాటి నుంచీ మా హాలు హాలులా లేదు, గుడిలా ఉంది. ఈ మూల ఒక ద్వారపాలకుడు, ఆ మూల ఒక ద్వారపాలకుడు, ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ. టేపు పెట్టి కొలిచి మరీ వేశారండీ! రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కొక్క స్పీకరుకీ కుర్చీకీ మధ్య కూడా అంతే దూరం ఉండాలిట. ఊడుస్తూ ఊడుస్తూ ఆ కుర్చీ జరిపానంటే ఆ పూట ఇంట్లో కురుక్షేత్రమే.

"ఒక్కసారి కూర్చుని విను. వీణ ఎడం పక్క, మృదంగం కుడి పక్క, పాడే ఆవిడ సరిగ్గా మధ్యన!" అన్నారు. కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, కచేరీ మా గోడ దగ్గరే జరుగుతున్నట్టుంది. రెండు నిమిషాలైందో లేదో కుక్కరు మూడో కూత కూసింది. లేచి నాలుగడుగులు పక్కకి వేశాను. అంతే! పాడుతున్న ఆవిడ కూడా మధ్యలోంచి లేచి, నా వెనకే వచ్చి, దగ్గరగా ఉన్న స్పీకర్లో దూరింది.

"ఇదేవిటండీ?" అన్నాను.

"అంతే మరి. కుర్చీలో కూర్చుంటేనే స్టీరియో" అన్నారు, అది వేదవాక్కు అయినట్టు.

మావారి తప్పేం లేదు. మన చెవుల లక్షణమే అంత. రెండు చెవులకీ మధ్య దూరం జానెడు. ఎడం పక్క నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి చేరడానికి పట్టే అదనపు సమయం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ పిసరు తేడాని పట్టుకునే, ఎవరు ఏ పక్కనుంచి పిలుస్తున్నారో మనం చెప్పేస్తాం. ఒకే గొంతు రెండు స్పీకర్లలోంచీ వస్తే, ముందు ఏది చేరితే మొత్తం అక్కణ్ణుంచే వచ్చిందని చెవి తీర్పిచ్చేస్తుంది. హెల్ముట్ హాస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1949లోనే ఈ సంగతి పరీక్షించి చూపించాడు. కాబట్టి మధ్య కుర్చీ వదిలితే మధ్య గొంతు ఉండదు.

శాస్త్రం సరే. నా ప్రశ్న వేరు. ఆ కుర్చీలో గంటసేపు కదలకుండా కూర్చునే తీరిక ఇంట్లో ఎవరికుంది? నాకుందా? మీకుందా? చిక్కుడుకాయలు ఒలుస్తూ కింద కూర్చునేవాళ్ళం, ఆరిన బట్టలు మడతపెడుతూ మంచం వారన నిలబడేవాళ్ళం, పిల్లల పుస్తకాలకి అట్టలు వేస్తూ గోడకి జారగిలబడేవాళ్ళం. సంగీతం మనమూ వింటాం. కానీ ఈ లెక్కలేసిన పెద్దమనుషుల లెక్కలో మనం లేం!

మా అమ్మ జన్మంతా రేడియో వింది. ఒకే పెట్టె, ఒకే స్పీకరు. పొద్దున్నే భక్తిరంజని వస్తుంటే పెరట్లో ఉన్న అమ్మకీ, వీధి అరుగు మీద ఉన్న నాన్నకీ ఒకే పాట, ఒకే న్యాయం. అందులో ఎడమా లేదు కుడీ లేదు, నిజమే. కానీ ఎవరికీ ప్రత్యేకాసనమూ లేదు. శాస్త్రం ముందుకెళ్ళిన కొద్దీ మనం వెనక్కి జరగాలా?

విచిత్రం చూడండి, ఈ స్టీరియో ఆలోచన పుట్టింది ఒంటి కుర్చీలో కాదు, సినిమా హాల్లో. 1931లో అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, తర్వాత తన భార్య అయిన డొరీన్‌తో కలిసి సినిమాకి వెళ్ళాడుట. మనిషి తెర మీద ఒక పక్క, గొంతు ఇంకో పక్క! దీనికి మందు కనిపెడతానన్నాడుట. ఆ ఏడు డిసెంబరులోనే పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. అంటే ఆయన మొదట తలచుకున్నది హాలు నిండా కూర్చున్న జనాన్ని. అది మన ఇళ్ళలోకి వచ్చేసరికి ఒక్కరి సొత్తయింది!

ఇదంతా అంటే మా మరిది నవ్వాడు. "అయితే ఒంటి పెట్టె స్టీరియో కొనుక్కో వదినా! ఒంటెద్దు బండిని జోడెడ్ల బండి అని అమ్ముతున్నారుగా" అన్నాడు.

సగం నిజమే అన్నాడు. ఆ సగం ముందు ఒప్పుకుంటాను. మా చిన్నప్పుడు, 1980ల్లో, ఇంటింటా టూ-ఇన్-వన్‌లు ఉండేవి. కొన్నిటి మీద బంగారు రంగులో 'స్టీరియో' అని రాసి ఉండేది. ఇప్పటి పెట్టెల మీదా రాస్తున్నారు. జాలీ వెనక రెండు చిన్న స్పీకర్లు పక్కపక్కనే, జానెడు దూరంలో. రెండు మీటర్ల అవతల కూర్చుంటే ఆ రెంటి మధ్య కోణం ఆరు డిగ్రీలు కూడా ఉండదు. మావారి టేపు లెక్కలో కోణం అరవై! అరవైకి బదులు ఆరిచ్చి అదే పేరు పెట్టి అమ్మడం, పాలలో నీళ్ళు కాదండీ, నీళ్ళలో పాలు.

కానీ ఒంటి పెట్టెలో స్టీరియో రానే రాదంటే మాత్రం ఒప్పుకోను. దారి బ్లమ్‌లైనే చూపించాడు. అది మా అమ్మమ్మ పొడుపు లెక్క లాంటిది: "ఇద్దరి దగ్గరా కలిపి పది రూపాయలు, తేడా రెండు, ఎవరి దగ్గర ఎంత?" పదికి రెండు కలిపి సగం చేస్తే ఆరు, పదిలోంచి రెండు తీసి సగం చేస్తే నాలుగు. కూడికా తీసివేతా తెలిస్తే ఇద్దరూ బయటపడతారు. ఎడం కుడి శబ్దాలదీ అదే కథ. అమెరికాలో 1961లో మొదలైన ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారాలూ ఈ లెక్క మీదే నడిచాయి. కూడికని మామూలుగా పంపారు, తేడాని దాని పక్కన దాచి పంపారు. కొత్త రేడియోకి ఎడమా కుడీ దొరికాయి, పాత రేడియో ఉన్నవాళ్ళకీ పాట పూర్తిగా దొరికింది.

ఒంటి పెట్టె కూడా ఇదే చెయ్యొచ్చు. ముందుకి తిరిగిన స్పీకరు కూడికని వాయిస్తుంది. పక్కకి తిరిగి, వెనక కూడా తెరిచి ఉన్న ఇంకో స్పీకరు తేడాని వాయిస్తుంది. దాని అట్ట ఎడమకి తోసినప్పుడు కుడివైపు లాగుతుంది కదా! ఎడమన కూడికకి తేడా కలిసి వీణ మిగులుతుంది, కుడిన కూడికలోంచి తేడా పోయి మృదంగం మిగులుతుంది. రెండూ ఇటూ అటూ వెళ్ళి, గోడలకి తగిలి మన దగ్గరికొస్తాయి. పెట్టె ఒక్కటే, గది గదంతా పాడుతుంది.

ఇంకో దారీ ఉంది. ఎడమ స్పీకరు శబ్దం కుడి చెవికి కూడా పాకుతుంది. దానికి సరిగ్గా విరుగుడు శబ్దం కుడి స్పీకర్లోంచి పంపి చంపెయ్యడం. మన కాన్పూరులో పుట్టిన బిష్ణు అటల్, మన్‌ఫ్రెడ్ ష్రోడర్‌తో కలిసి, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1960ల్లోనే ఇది చేసి చూపించారు. గొప్ప పనే! కానీ ఆ విరుగుడు పని చెయ్యాలంటే తల అక్కడే ఉండాలి. మళ్ళీ కుర్చీయే! అందుకే నా ఓటు కూడికా తీసివేతలకే.

దీనికీ లోపాలున్నాయి, దాచను. వీణ ఫలానా అంగుళంలో ఉందని వేలు పెట్టి చూపించలేం. బాగా పక్కకి వెళితే ఆ పక్క వాద్యం ముందుకొస్తుంది. కానీ రెండోది గోడ మీదుగా చేరుతూనే ఉంటుంది, బొత్తిగా మాయం కాదు. లావు స్వరాలు చిన్న పెట్టెలో తేడాగా పలకవు, వాటిని కూడికకే వదిలెయ్యాలి. గోడలు కావాలి. ఒక పక్క గోడా ఇంకో పక్క దళసరి కర్టెనూ ఉంటే పాట ఒక పక్కకి ఒరుగుతుంది. మనం అలవాటుగా షోకేసులో పెట్టి పైన క్రోషా గుడ్డ కప్పామో, పక్కలకి పోవాల్సిన శబ్దం అద్దాల మధ్యే చస్తుంది. గోడ మధ్యన, రెండు పక్కలా ఖాళీ వదిలి పెట్టాలి. ఇక వంటింట్లోకి ఏ స్టీరియో రాదు. ఆ ఆశ నాకు లేదు.

ఒక్క మనిషి, చేతినిండా తీరిక, కదలని కుర్చీ ఉంటే రెండు పెట్టెలే మేలు. మా మరిదికి ఆ మాట ఇచ్చేస్తున్నాను. కానీ ఇల్లంటే ఒక్క మనిషా?

అందుకే ఈ పెట్టెలు తయారుచేసే అయ్యలకి నా మనవి. కుర్చీలో తల పెట్టి కొలవకండి. గదిలో ఒకావిణ్ణి చీపురిచ్చి తిప్పండి. ఆవిడ ఈ మూల నుంచి ఆ మూలకి ఊడ్చేలోగా పాట విడిపోకుండా, కుంచించుకుపోకుండా ఉంటే అప్పుడు వెయ్యండి బంగారు అక్షరాలు. మీరు కూడా, అక్కయ్యలూ, కొట్టుకి వెళ్ళినప్పుడు అబ్బాయి చూపించిన చోట నిలబడకండి. వీణా మృదంగం విడివిడిగా ఉన్న పాట పెట్టమనండి. కొట్టంతా తిరగండి. పాట పెట్టెలోనే ముడుచుకుని కూర్చుంటే, "ఇది మాకొద్దు నాయనా" అని వచ్చెయ్యండి.

నిన్న మావారు ఊళ్ళో లేరు. ఆ కుర్చీ తీసి బాల్కనీలో వేసి, దాని మీద వడియాలు ఆరబెట్టాను. బాగా ఎండాయి. కొలిచిన చోటు కదూ!