ఎముక పొడవు ఒక్కటే చాలదు

చెవి కింద, పుర్రె అడుగు నుంచి సూదిలా దిగే చిన్న ఎముక స్టైలాయిడ్. మామూలుగా రెండున్నర సెంటీమీటర్లుంటుంది. 3 సెంటీమీటర్లు దాటితే పెరిగినట్టు లెక్క. అది పక్కనున్న నరాలను ఒరుసుకుంటే మింగినప్పుడు, మెడ తిప్పినప్పుడు నొప్పి, చెవిపోటు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండటం వంటి బాధలు వస్తాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యుడు వాట్ ఈగిల్ 1937లోనే దీన్ని వివరించాడు. అనంతపురం, హిందూపురం, చిత్తూరు నుంచి వైద్యానికి బెంగళూరు చేరే మనవాళ్లకు ఎముక పొడవు చూపే సీటీ స్కాన్ అక్కడ తీయించుకోవడం కష్టమేమీ కాదు. చిక్కల్లా ఆ తర్వాతే. ఎముక పొడవుగా ఉన్నవారిలో చాలామందికి ఏ బాధా ఉండదు. అందుకే సీటీ చిత్రం ఒక్కటే చూసి కత్తి పట్టడం తొందరపాటు. అంతకుముందు టాన్సిల్ గుంటలో వేలితో నొక్కి చూడాలి: అదే నొప్పి రేగాలి, అక్కడ మొద్దుబార్చే మందు ఎక్కిస్తే తగ్గాలి.

ఏళ్ల తరబడి పళ్ల డాక్టరు దగ్గరికీ నరాల డాక్టరు దగ్గరికీ తిరిగినవాళ్లను ఇంకా పరీక్షలంటూ ఆపడం న్యాయమా అనవచ్చు. కానీ ఈ నొక్కి చూసే పరీక్ష ఓపీలో నిమిషాల పని. లక్షణాలు, స్కాన్, ఈ పరీక్ష మూడూ కలిశాక, మందులకు లొంగని నొప్పికి ఆపరేషన్ వాయిదా వేయడమే తప్పు. నోటి లోపలి నుంచి చేస్తే మచ్చ పడదు, కానీ కనిపించే చోటు ఇరుకు. మెడ మీద కోస్తే మచ్చ మిగులుతుంది, ముఖ నరానికి కొంత ముప్పూ ఉంటుంది. అయినా కెరోటిడ్ ధమని కళ్లెదుటే ఉంటుంది. మచ్చ లేదన్న ప్రకటన కన్నా ఆ సర్జన్ చేయి ఏ పద్ధతిలో తిరిగిందో అడగడం మేలు. ఆపరేషన్ తర్వాతా కొందరికి నొప్పి మిగలవచ్చు. ఆ సంగతి సంతకం పెట్టించుకునే ముందే, రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి.