మెట్లు లేని గది అడిగితే అది ‘స్పెషల్ రిక్వెస్ట్’ ఎందుకవుతోంది?

గత డిసెంబరులో మా పెద్దమ్మను తీసుకుని గోవా వెళ్లాం. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నారు. ఒకసారి సముద్రం దగ్గర నాలుగు రోజులు ఉండాలన్నది ఆమె కోరిక. నెలన్నర ముందే ఒక బీచ్ రిసార్ట్‌లో రెండు గదులు బుక్ చేశాను. బుకింగ్ యాప్‌లో ‘స్పెషల్ రిక్వెస్ట్స్’ అని ఒక పెట్టె ఉంటుంది కదా, అందులో వివరంగా రాశాను: కింది అంతస్తు కావాలి, మెట్లు ఉండకూడదు, బాత్రూమ్‌లోకి వీల్‌చైర్ వెళ్లాలి.

తీరా మధ్యాహ్నం రెండింటికి రిసెప్షన్ దగ్గరికి వెళ్తే, అక్కడి కుర్రాడు కంప్యూటర్‌లో చూసి, ‘‘మీ రిక్వెస్ట్ ఉంది మేడం, కానీ కింద గదులు ఖాళీ లేవు’’ అన్నాడు. ఒక పెళ్లివారి గ్రూపుకు ఆ బ్లాకు మొత్తం ఇచ్చేశారట. మాకు ఇచ్చిన కాటేజీకి నాలుగు మెట్లు. బాత్రూమ్ దగ్గర ఎత్తయిన గడప. ఉన్నన్ని రోజులూ ఇద్దరు సిబ్బంది ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తి దించారు. పాపం, వాళ్లు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పెద్దమ్మే రెండో రోజు నుంచి మంచినీళ్లు తాగడం తగ్గించేశారు. బాత్రూమ్‌కి ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుందని.

గొడవ పడదామంటే నా చేతిలో ఏమీ లేదు. ఆ పెట్టె పక్కనే చిన్న అక్షరాల్లో ఉంది: రిక్వెస్టులకు హామీ ఇవ్వలేం, గదుల లభ్యతను బట్టి ప్రయత్నిస్తాం అని. దాదాపు ప్రతి బుకింగ్ సైటులోనూ ఇలాంటి మాటే కనిపిస్తుంది. సముద్రం కనిపించే కిటికీ, లిఫ్టుకు దూరంగా ఉండే గది, హనీమూన్ జంటకు మంచం మీద పూలు, వీల్‌చైర్ పట్టే తలుపు, అన్నీ ఆ ఒక్క పెట్టెలోకే వెళ్తాయి. మన దగ్గర చట్టం హక్కుగా చెప్పిన ఒక విషయం రిసెప్షన్ దగ్గరికి వచ్చేసరికి బతిమాలి తెచ్చుకునేదిగా మారిపోతోంది. ఆ మార్పు ఎక్కడ జరుగుతోందో చూద్దాం.

రిసెప్షన్ వెనక ఏం జరుగుతుంది?

హోటళ్లు మనకు అమ్మేది గదిని కాదు, గది రకాన్ని. ‘డీలక్స్ గార్డెన్ వ్యూ’ అని బుక్ చేస్తే ఆ రకంలో ఉన్న ఇరవై గదుల్లో ఏదో ఒకటి మనది. ఏది అన్నది చాలాచోట్ల ముందు రోజు రాత్రో, వచ్చిన రోజు ఉదయమో తేలుతుంది. ఆ రోజు వచ్చేవారి జాబితా ముందు పెట్టుకుని, ఎవరు ఏ గది ఖాళీ చేస్తున్నారు, ఏది శుభ్రం అయింది, ఏదాంట్లో ఏసీ పాడైందీ చూసుకుంటూ ఫ్రంట్ ఆఫీసు వాళ్లు గదులు సర్దుతారు. ముందుగా పెద్ద గ్రూపులు. పెళ్లి, కంపెనీ సమావేశం లాంటివైతే నెలల ముందే బ్లాకులకు బ్లాకులు పక్కన పెట్టేస్తారు. ఆ తర్వాత హోటల్ లాయల్టీ సభ్యులు, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు, యాజమాన్యానికి తెలిసినవాళ్లు. డిస్కౌంటులో యాప్ నుంచి బుక్ చేసుకున్న నాలాంటి వాళ్ల వంతు సాధారణంగా చివర్లో వస్తుంది.

యాప్‌లో మనం రాసింది హోటల్ సాఫ్ట్‌వేర్‌లోకి ఒక నోట్‌లా మాత్రమే వెళ్తుంది. తేదీలు, గది రకం, డబ్బు మారితే కంప్యూటర్ గుర్తుపడుతుంది. నోట్‌లో ఏముందో దానికి అక్కర్లేదు. ఎవరో ఒకరు తెరిచి చదవాలి. వంద మంది దిగే శనివారం నాడు అది ఎంతవరకు జరుగుతుందో ఊహించవచ్చు.

సిబ్బందిని తిట్టి లాభం లేదు. ట్విన్ బెడ్లు కావాలంటే మంచాలు విడదీసి ఇస్తారు. పసిపిల్లకు ఊయల అడిగితే తెచ్చి వేస్తారు. జైనులకు ఉల్లి, వెల్లుల్లి లేని వంట చాలా రిసార్టుల్లో అడగ్గానే చేసిపెడతారు. ఇవి అప్పటికప్పుడు చేయగలిగినవి. ఉన్న మెట్లను మాత్రం ఏ రిసెప్షనిస్టూ మధ్యాహ్నం రెండింటికి తీసేయలేడు. అలాంటి గదిని బుకింగ్ రోజునే పేరు మీద రాసి పక్కన పెట్టాలి. అలా పెట్టే పద్ధతే లేదు.

నగరాల్లోని హోటల్‌లో కనీసం లిఫ్టు ఉంటుంది. రిసార్టుల కథ వేరు. కొండవాలు మీద కాటేజీలు, గులకరాళ్ల దారులు, ఎత్తు అరుగులు, రాజస్థాన్ హవేలీల్లో ఎత్తు గడపలు, అలెప్పీ హౌస్‌బోట్‌లోకి దిగడానికి ఒక చెక్క పలక. ‘ప్రకృతికి దగ్గరగా’ అని అమ్మేది చాలావరకు మెట్లనే. మాల్దీవుల్లో అయితే ఒక్కో రిసార్టుది ఒక్కో ద్వీపం. దిగాక గది పనికిరాదని తేలితే పక్క హోటల్‌కి వెళ్దామన్నా చుట్టూ నీళ్లే.

చట్టం ఏం చెబుతోంది?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ‘ప్రజా భవనం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, వ్యాపారానికో వినోదానికో జనం వచ్చిపోయే భవనమైతే అందులోకి వస్తుంది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి. ఆ రోజు నుంచి ఐదేళ్లలో పాత భవనాలను, రెండేళ్లలో ప్రైవేటు సంస్థల సేవలను కూడా అందరికీ అందుబాటులోకి తేవాలని చట్టం చెప్పింది. రెండు గడువులూ 2022 జూన్‌కే ముగిశాయి. ఉల్లంఘనకు మొదటిసారి రూ. 10 వేల వరకు, ఆ తర్వాత రూ. 50 వేల నుంచి రూ. 5 లక్షల వరకు జరిమానా. పీక్ సీజన్‌లో మంచి రిసార్ట్ గది ఒక్క రాత్రి అద్దె మొదటి జరిమానాను దాటేస్తుంది.

2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చూపు లేని వ్యక్తి 2005లో వేసిన పిటిషన్ అది. చట్టమేమో తప్పనిసరి అంటుంటే, దాని కింద రాసిన 15వ నియమం సలహాలుగా మిగిలిపోయిందని, కాబట్టి అది చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. తప్పక పాటించాల్సిన కనీస ప్రమాణాలను విడదీసి మూడు నెలల్లో కొత్త నియమాలు రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ కేసులో కోర్టు ఆధారపడిన క్షేత్రస్థాయి నివేదికను తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం.

హోటళ్ల విషయంలో ఇంకో దారి కూడా ఉంది, పర్యాటక శాఖ ఇచ్చే స్టార్ వర్గీకరణ. దివ్యాంగుల కోసం కనీసం ఒక గది ఉండాలని, దాని తలుపు మీటరు వెడల్పు ఉండాలని, ఫర్నిచర్ తక్కువ ఎత్తులో ఉండాలని, వినిపించే, కనిపించే అలారం ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. రెండు చిక్కులున్నాయి. ఆ వర్గీకరణ స్వచ్ఛందం, తీసుకోని రిసార్టుకు ఆ షరతు వర్తించదు. తీసుకున్నచోట కూడా మొత్తానికి ఒక్క గది చాలు. ఆ ఒక్కటి ఎవరి కోసం ఆపాలి, ఎప్పటిదాకా ఆపాలి అన్నది ఎక్కడా లేదు. పెళ్లికొడుకు మేనమామకు ఇచ్చేసినా నియమం ఉల్లంఘించినట్టు కాదు.

ఇక్కడ సిగరెట్ గుర్తొస్తోంది. 2008 పొగాకు నియమాల ప్రకారం 30 లేదా అంతకుమించి గదులున్న హోటల్ స్మోకింగ్ గదులు పెట్టుకోవచ్చు. అవన్నీ ఒకే అంతస్తులో లేదా ఒకే వింగ్‌లో విడిగా ఉండాలి, ఇంగ్లిష్‌లో, ఒక భారతీయ భాషలో బోర్డు పెట్టాలి, పొగ మిగతాచోట్లకు రాకూడదు. పొగతాగే అతిథిని ఏ గదిలో దించాలో ఇంత వివరంగా ఆలోచించగలిగినవాళ్లం మనం.

పొరుగున శ్రీలంకదీ దాదాపు ఇదే దారి. 1996లో చట్టం, 2006లో అందుబాటు నియమాలు, 2011లో సుప్రీంకోర్టు ఆదేశం. అక్కడా చర్చంతా ర్యాంపు, తలుపు, టాయిలెట్ చుట్టూనే తిరిగింది. కట్టడం గురించి మాట్లాడాం, కేటాయింపు గురించి కాదు.

అమెరికా ఏం చేసింది?

అక్కడ వికలాంగుల చట్టం కింద రాసిన రిజర్వేషన్ నిబంధన 2012 మార్చి 15 నుంచి అమల్లో ఉంది. అది అడిగేది పెద్దగా ఏం లేదు. అందరూ గది బుక్ చేసుకునే పద్ధతిలోనే, అదే వేళల్లో వీల్‌చైర్ గది కూడా బుక్ చేసుకునే వీలుండాలి. ఆ గదిలో ఏమున్నాయో అతిథి నిర్ణయం తీసుకోగలిగినంత వివరంగా చెప్పాలి. ఆ రకం గదుల్లో మిగతావన్నీ అమ్ముడయ్యేదాకా దాన్ని ఆపి ఉంచాలి. ఎవరైనా బుక్ చేస్తే, సరిగ్గా ఆ గదినే వాళ్ల పేరున తీసిపెట్టి, సిస్టమ్‌లో ఇంకెవరికీ కనిపించకుండా చేయాలి. పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడ మోటెళ్లలో దిగిన మన పెద్దవాళ్లలో కొందరు ఇది చూసే ఉంటారు. బుకింగ్ పేజీలో అది రిక్వెస్ట్ పెట్టెలో ఉండదు, విడిగా ఒక గది రకంగా, ధరతో సహా ఉంటుంది.

ఇందులో సిమెంటు ఖర్చు లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక గది రకం చేర్చడం, దాన్ని చివర్లో అమ్మడం, అంతే. గది ఖాళీగా ఉండిపోతే నష్టం కదా అంటారు హోటల్ వాళ్లు. మిగతావన్నీ నిండాక దాన్ని ఎవరికైనా అమ్ముకోవచ్చని నిబంధనే చెబుతోంది. నిండని రోజున ఏదో ఒక గది ఎలాగూ ఖాళీయే. వాళ్ల ఇంకో మాటలో కొంత నిజముంది. పట్టుకునే కడ్డీలు, తక్కువ ఎత్తు సింకు చూసి ‘ఇదేంటి, ఆసుపత్రి గదిలా ఉంది’ అని ముఖం చిట్లించే అతిథులున్నారు. అది డిజైన్ చేసేవాళ్లు సరిదిద్దుకోవాల్సిన విషయం.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. అరవై దాటినవాళ్లు 10 కోట్ల పైమాటే. మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు, చేతికర్రతో నడిచేవాళ్లు మొదటి లెక్కలో ఉండకపోవచ్చు. కానీ కుటుంబంతో ప్రయాణాలు చేసేది వీళ్లే.

అడిగిన గది లేనప్పుడు రిసెప్షన్‌లో వినిపించే మరో మాట ‘అప్‌గ్రేడ్’. మెట్లు లేని గది పై కేటగిరీలో ఉంది, ఇంకో వెయ్యి కట్టండి అంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ. 7,500 వరకు ఉన్న గదులపై జీఎస్‌టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. రూ. 7,000 గదికి పన్నుతో కలిపి రూ. 7,350 అవుతుంది. రూ. 8,000 గదికి రూ. 9,440. వెయ్యి అన్నది రాత్రికి రూ. 2,090 అయింది. సరదాకి పెద్ద గది తీసుకున్నవాళ్ల సంగతి వేరు. కాళ్లు సహకరించనందుకు ఈ తేడా కట్టాల్సి రావడం మాత్రం అన్యాయం.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రిక్వెస్ట్ పెట్టెను నమ్ముకోకుండా హోటల్‌కే ఈమెయిల్ పెట్టి, గది నంబరుతో సహా రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే డబ్బు కట్టాలి. అప్పుడది రిక్వెస్ట్ కాదు, ఒప్పందం. మాట తప్పితే సేవాలోపం కింద మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, గోవా దాకా వెళ్లనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా కొన్నిసార్లు పని జరుగుతుంది.

ఇంకొకటి, అడిగే తీరు. ‘వీల్‌చైర్ ఫ్రెండ్లీయేనా?’ అంటే అందరూ అవుననే చెబుతారు. చాలామంది ఉద్దేశం, మా దగ్గర ఒక వీల్‌చైర్ ఉంది అని. అడగాల్సింది మెట్లెన్ని, బాత్రూమ్ తలుపు ఎన్ని అంగుళాలు అని. మామూలు వీల్‌చైర్ 25 నుంచి 27 అంగుళాల వెడల్పు ఉంటుంది. బాత్రూమ్‌కి రెండున్నర అడుగుల తలుపు పెట్టడం మన మేస్త్రీలకు అలవాటు. ఫ్రేము, తలుపు మందం పోను మిగిలే సందులో అది ఇరుక్కుంటుంది.

ఈ వేసవిలో పెద్దమ్మను ఈసారి విశాఖ వైపు తీసుకెళ్దామని ఒక చోటుకి ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి ‘‘అంతా ఫ్రెండ్లీయే మేడం’’ అన్నాడు. గది ముందు మెట్లెన్ని ఉన్నాయని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ‘‘లైన్లో ఉండండి, వెళ్లి లెక్కపెట్టి వస్తాను’’ అన్నాడు. వెళ్లి వచ్చి చెప్పాడు: మూడు.