కళాశాలలో చోటు దొరకని సభ

రాజమహేంద్రవరంలో కోటిపల్లి బస్టాండు మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. అక్కడి పాల్‌చౌక్‌ను మనం ఊరి చరిత్రలో చెప్పుకుంటాం. కళాశాల చరిత్రలో ఎందుకు చెప్పుకోం?

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఈ ఊళ్ళో ఉపన్యసించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఆ ఆంగ్లోపన్యాసాలను తెనిగించి వినిపించారు. విద్యార్థులు ఉర్రూతలూగిపోయారు. వారికి సభ అక్కడితో ముగియలేదు. 'వందేమాతరం' బ్యాడ్జీలు ధరించి తరగతులకు వచ్చారు. వేదిక లేదు, వక్త లేడు. పక్కవాడి చొక్కా మీది ఆ ఒక్క మాటే ఉపన్యాసం. తరగతి గదే సభాస్థలి అయింది.

ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ సహించలేదు. ట్రెయినింగ్ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులయ్యారు. మరెందరో శిక్షలకు గురయ్యారు. 1908లో 'స్వరాజ్య' పత్రికలోని వ్యాసానికి గాడిచర్లవారు జైలుకు వెళ్ళారు. తరువాతి కాలంలో గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ అంకితమయ్యారు. కళాశాల వెళ్ళగొట్టిన మనిషి, నలుగురూ కూర్చుని చదువుకొనే చోట్ల కోసం పాటుపడ్డారన్నమాట!

సభాభవనం కట్టించడం ఏ కళాశాలకైనా సులభమే. పిల్లలు తమంతట తాము కూడుకొనే చోటును ఓర్చుకోవడమే కష్టం. అందుకే పాల్‌చౌక్ పేరు కళాశాల గోడమీద కూడా ఉండాలని నా అభిప్రాయం. గర్వంగా చెప్పుకోవడానికి కాదు. ఆనాడు ఆ కుర్రవాళ్ళకు లోపల చోటివ్వలేకపోయామని గుర్తుంచుకోవడానికి.