కెరటం విరగని చోట దిగొద్దు

కార్తీకం వచ్చిందంటే మాకవరపాలెం నుంచి వ్యాన్లు సముద్రం దారి పడతాయి. ఒకప్పుడు వనభోజనమంటే ఊరి పొలిమేరలోని మామిడితోట. ఇప్పుడు రుషికొండ, యారాడ, భీమిలి. అంతదూరం వద్దనుకుంటే పూడిమడక, రేవుపోలవరం. పావురాళ్లకొండ కింద ఒదిగిన భీమిలిని, ఘాట్ మలుపులో ఒక్కసారిగా కనబడే యారాడ నీలాన్ని పిల్లలకు చూపించాలని ఎవరికుండదు? వెళ్లొద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ వ్యాను ఎక్కకముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అది తెలియక మన జిల్లాలో కన్నబిడ్డలు పోయారు.

2022 జూలై 29, శుక్రవారం. పరీక్ష రాసేసి, అనకాపల్లి దగ్గరి ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు పూడిమడక వెళ్లారు. ఏడుగురిని కెరటాలు లాక్కుపోయాయి. ఒక్కరే బతికారు. నౌకాదళం హెలికాప్టర్, కోస్ట్‌గార్డ్, పూడిమడక మత్స్యకారులు కలిసి వెతికినా మిగిలిన ఆరుగురి శవాలే దక్కాయి. ఆ ముందురోజు అమావాస్య. ప్రమాదానికి నాలుగు రోజుల ముందే, జూలై 25న, నీటమునిగే చావులను ఆపాలని ఐక్యరాజ్యసమితి ప్రకటించిన దినం వచ్చి వెళ్లిపోయింది. ఆ రోజు మన కళాశాలల్లో ఒక్క గంటసేపు సముద్రం గురించి ఎవరైనా పిల్లలకు చెప్పి ఉంటే అన్న బాధ ఇప్పటికీ తీరడం లేదు.

సముద్రం మనిషిని ఎలా తీసుకుపోతుందో చూడండి. ఒడ్డుకు తోసుకొచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోవాలి కదా. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ పల్లం దొరికితే అక్కడ అవి ఒక పాయగా కూడి లోపలికి పరుగెడతాయి. నిపుణులు దాన్నే రిప్ కరెంట్ అంటారు. ఒడ్డున నిలబడి చూస్తే రెండు పక్కలా కెరటాలు తెల్లగా విరుగుతుంటాయి. మధ్యలో ఒక పట్టీ మాత్రం నురగ లేకుండా, కాస్త నల్లగా, నిలకడగా కనబడుతుంది. పిల్లల్ని తీసుకొచ్చిన తల్లి ఏ వైపు చూస్తుంది? కెరటాలు లేని ఆ చోటే మంచిదనుకుని, చెయ్యి పట్టుకుని అక్కడికే నడిపిస్తుంది. చావు ఉన్నది అక్కడే. మోకాలి లోతులో నిలబడితే మడమల కింద ఇసుక జారిపోవడం తెలుస్తుంది. ఇంకో అడుగు వేస్తే నడుము లోతు. ఆ పైన కాలు ఆనదు. ఉధృతంగా ఉన్నప్పుడు ఆ పాయ సెకనుకు రెండు మీటర్లకు మించి పోగలదు. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు.

మన పిల్లలు ఈత నేర్చుకునేది చెరువుల్లో, ఏలేరు కాలువలో. కాలువలో ఒడ్డు రెండు పక్కలా ఉంటుంది, నీళ్లు ఒకే దిక్కుకు పోతాయి. అక్కడ ఏ గట్టు దగ్గరైతే ఆ గట్టుకు బలమంతా పెట్టి ఈదితే చాలు. సముద్రంలో ఆ అలవాటే ప్రాణం తీస్తుంది. తిన్నగా ఒడ్డుకేసి ఈదినకొద్దీ ఒంట్లో సత్తువ అయిపోతుంది తప్ప ఒడ్డు దగ్గరపడదు. "మాకు ఈత వచ్చులెండి" అన్న మాట వినగానే పెద్దవాళ్లు భయపడాలి.

లాక్కుపోతున్నట్టు తెలిస్తే వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి కేకెయ్యండి. ఆ పాయ మిమ్మల్ని అడుక్కి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. కాస్త దూరం పోయాక దాని జోరు తగ్గుతుంది. అప్పుడు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ కనబడే చోటికి చేరి, కెరటాల సాయంతో వెనక్కి రండి.

కొండ పాదం దగ్గర ప్రమాదం ఇంకో రకం. కొండరాళ్లు సముద్రంలోకి చొచ్చుకొచ్చిన చోట నీరు వాటి వెంబడే లోపలికి మళ్లుతుంది. పైగా పాకుడు. సెల్ఫీ కోసం ఎక్కిన కాలు జారితే, పట్టుకోవడానికి అక్కడ గడ్డిపోచ కూడా ఉండదు. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుక ఎప్పటికప్పుడు జాగా మారుతుంది. నిరుడు మీరు నిలబడ్డ చోట ఈసారి గొయ్యి ఉండొచ్చు.

మనం వెళ్లే రోజులు కూడా గమనించండి. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి స్నానం. పౌర్ణమికి, అమావాస్యకు పోటు పెద్దది. అక్టోబరు, నవంబరు అంటే బంగాళాఖాతంలో అల్పపీడనాల కాలం. ఎక్కడో నడిసంద్రంలో వాయుగుండం పడితే, ఇక్కడ ఎండ కాస్తున్నా కెరటాలు పెద్దవవుతాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కెరటాల ఎత్తుపై ముందే హెచ్చరికలిస్తుంది. తెప్ప దించే ముందు మత్స్యకారుడు కెరటాల వరస చూస్తాడు. అతను వేటకు వెళ్లని రోజున మనం మడమ కూడా తడపకూడదు.

అన్నిటికన్నా గుండె కోసే సంగతి, ఒకరి కోసం ఇంకొకరు దూకి ఇద్దరూ పోవడం. తమ్ముడు కొట్టుకుపోతుంటే అన్న ఆగలేడు, నిజమే. అయినా ఆగాలి. తేలేది ఏదైనా విసరాలి, 112కు ఫోన్ చెయ్యాలి, మత్స్యకారుల్ని పిలవాలి. ఒడ్డుకు చేర్చాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం వద్దే వద్దు. ఉన్న కాస్త సమయమూ దానికే పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదండి. ఆపైన రొమ్ము నడుమ నిమిషానికి నూటికి తగ్గకుండా గట్టిగా నొక్కండి. ముప్పైసార్లు నొక్కి, రెండుసార్లు ఊది, 108 వచ్చేదాకా ఆపకండి.

కళాశాలల యాజమాన్యాలు పరీక్షల చివరి రోజుకు ముందే పిల్లలకు ఈ విషయాలు చెప్పాలి. పూడిమడకలో, రేవుపోలవరంలో పండగ రోజులకే కాదు, ప్రతి ఆదివారమూ గజఈతగాళ్లు ఉండాలి. జిల్లా యంత్రాంగం నెల తిరక్కుండా తేల్చాల్సిన పని ఇది. మత్స్యకార యువకులకే జీతమిచ్చి పెట్టుకోవాలి. ఆ తీరం వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఈలోగా, ఈ ఆదివారం బయల్దేరేవాళ్లు వంటసామాన్లతో పాటు ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ల డబ్బా ఒకటి, మూత బిగించి వ్యానులో వేసుకోండి. దాని చెవికి ఇరవై గజాల తాడు కట్టండి. పిల్లలు కాళ్లు తడుపుకుంటున్నంతసేపూ పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ జేబులో పెట్టేసి, ఆ తాడు చేతిలో పట్టుకుని, కళ్లు నీళ్ల మీదే ఉంచి ఒడ్డున నిలబడండి.