అట్టముక్క డాలుపై రెండు సింహములు

గత ఉగాదికి ముందు పోదనూరులో పిల్లల చారిత్రక వేషముల అభ్యాసము జరుగుచుండగా, పదునాలుగేండ్ల బాలుడొకడు అట్టముక్కతో చేసిన డాలు పట్టుకొని వచ్చెను. డాలుపై బంగారు కాగితపు సింహములు రెండు, ఒకదాని కెదురుగా నొకటి, వెనుక కాళ్లపై లేచి నిలిచియున్నవి. వాని నడుమ కిరీటము. కిరీటము క్రింద మడతలు పెట్టిన పట్టీ. ఆ పట్టీపై బాలుని వేషపు పేరు. ఆ పేరున ‘సింహ’ కలదు, ‘వర్మ’ కలదు, చివర ‘చక్రవర్తి’ యును కలదు. ఎవరి వేషము నాయనా అని అడిగితిని. మధుర నాయకుల కొలువులో సేనాని అని చెప్పెను. నాయకుని కొలువులో సేనాని చక్రవర్తి యెట్లగునని మరల అడుగగా, వాని తండ్రి నవ్వి, “అన్నగారూ, పిల్లల ఆటకు ఇంత విచారణ యేల?” అనెను.

ఆ ప్రశ్నకు నాడు సమాధానము చెప్పలేకపోయితిని. పదిమందిలో తండ్రిని చిన్నబుచ్చుట మర్యాద కాదు. ఇప్పుడు చెప్పుచున్నాను. ఆట యైనచో విచారణ అక్కరలేదు. కాని మనము ఆడుచున్నది ఆట కాదు. ఈ యేడు వేదికపై పుట్టిన పేరు వచ్చు ఏడు శుభలేఖపై కెక్కును. ఆ తరువాత గృహప్రవేశపు ఫలకముపై చెక్కబడును. ఇరువదియేండ్లకు ‘మా వంశచిహ్నము’ అని మనుమలు నమ్ముదురు. నేను పరుల సంగతి చెప్పుటలేదు. మా ఇంటి పెండ్లి శుభలేఖ అచ్చునకు పోయినప్పుడు అచ్చాఫీసువారు మూడు అచ్చుదిమ్మలు చూపిరి: హంస, కిరీటము, సింహము. మా వారు సింహము నెన్నుకొనిరి. లేఖ అచ్చయి వచ్చిన తరువాత చూచుకొంటిమి: దానిపై సింహము కలదు, మా ఇంటిపేరు లేదు.

ఆ సింహము లెక్కడివో తెలిసికొనవలెను. ఐరోపాలో పండ్రెండవ శతాబ్దమున, ముఖమును ఇనుప శిరస్త్రాణము కప్పివేయు యోధుని గుర్తించుటకు డాలుపై లాంఛనము వేయు ఆచారము ప్రబలెను. అది వారి యుద్ధపద్ధతికి తగినది. మన దేశపు రాజులకు ఆ రూపమున డాలు చిహ్నములు సామూహికముగా వచ్చినది 1877 జనవరి 1వ తేదీన. విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించుటకు లిట్టన్ ప్రభువు ఢిల్లీలో జరిపిన దర్బారున స్వదేశ సంస్థానాధీశులకు పట్టు ధ్వజములు బహూకరింపబడెను. వానిపై చిహ్నములను కూర్చినవాడు రాబర్ట్ టేలర్ అను బెంగాలు సివిలు ఉద్యోగి. డాలు, దానికి ఇరుప్రక్కల మృగములు, క్రింద పట్టీపై వాక్యము: ఇది ఆంగ్లేయుల పద్ధతి. ఏ దేశపు మహారాజులకైనను ఒక దొరతనపు ఉద్యోగి గీసి యిచ్చిన రూపమును, మన బాలుడు పదునారవ శతాబ్దపు సేనాని చేతికి ఇచ్చుచున్నాడు. బాలుని దోషము కాదు. వానికి మనము మరియొకటి చూపలేదు.

మరి మన లాంఛనము లెట్టివి? విజయనగర తామ్రశాసనముల ముద్రపై వరాహము, సూర్యచంద్రులు కనబడుదురు. అంతకు ఎంతో ముందే తూర్పు చాళుక్యుల శాసనముద్రలపై వరాహమును, అంకుశమును, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను అక్షరములును కలవు. అచ్యుతరాయల నాణెములపై గండభేరుండము, కృష్ణరాయల నాణెములపై బాలకృష్ణుడు. పాండ్యునికి మీనము, చోళునికి పులి. ఇవన్నియు రాజముద్రలు, దానపత్రమునకు, నాణెమునకు, ధ్వజమునకు చెందినవి. గ్రామాధికారి, సేనాని, రైతు తన ఇంటి గుమ్మముపై చిత్రించుకొనునవి కావు. పాళెగాండ్ర వంశావళులను చదివిన వారికి ఈ సంగతి మరింత స్పష్టమగును. గొడుగు, పల్లకి, జెండా, భేరి, బిరుదు, ఇవన్నియు ఒక సేవకు ప్రతిగా పైవాడు ఇచ్చినవని ఆ వంశావళులే ఘనముగా చెప్పుకొనును. తీసికొన్నామని చెప్పరు, పొందితిమని చెప్పుదురు. మనము తీసికొనుచున్నాము.

ఇంకొక మాట. మన పూర్వుల గౌరవచిహ్నము కంటికంటె చెవికి ఎక్కువ సంబంధించినది. రాజు వచ్చుచుండగా వందిమాగధులు బిరుదములు చదివెడివారు. ‘మూరురాయరగండ’, ‘భాషెగె తప్పువ రాయర గండ’ అను విజయనగర బిరుదములను వినుడు. రెండవదానికి, మాట తప్పు రాజులకు మగడు అని భావము. ఇవి కన్నడపు మాటలు. తెలుగు కావ్యములను అంకితము పుచ్చుకొన్న సింహాసనము కన్నడ బిరుదములను మోసినది. ఇది ‘శుద్ధమైన తెలుగు పేరే కావలెను’ అని పట్టుపట్టు మిత్రులు గమనింపవలసిన విషయము.

ఏలన, ఈ శుద్ధివాదము సింహముల కంటె ఎక్కువ హాని చేయుచున్నది. ఈ వేషములకు పేర్లు నిర్ణయించునపుడు తమిళపు వాసన యున్న ప్రతి పేరును తీసివేయుట నేను కన్నులార చూచితిని. ‘ముత్తు’ అని యుండరాదట, ‘చొక్క’ అని యుండరాదట. ఐనచో 1706 మొదలు 1732 వరకు మధుర నేలిన విజయరంగ చొక్కనాథ నాయకుని ఏమి చేయుదము? రంగడు శ్రీరంగపు దేవుడు; చొక్కనాథుడు మధుర సుందరేశ్వరునికి తమిళులు పెట్టుకొన్న ముద్దుపేరు. ఆయన కొలువులోనే సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతమును తెలుగు వచనమున వ్రాసెను. ముత్తు కృష్ణప్ప, ముత్తు వీరప్ప అను పేర్లు ఆ వంశపు పట్టికలోనివే. తిరుమల నాయకుని తమ్ముడు అళగాద్రి నాయకుడు. మధుర చేరువనున్న అళగర్ కొండ ఆ పేరులో నున్నది. ఆయన కట్టించిన కనకసభ మనకు కూతవేటు దూరమున పేరూరు పట్టీశ్వరాలయములో నున్నది. తంజావూరు కవయిత్రి ముద్దుపళని పేరున పళని కొండ లేదా? ఈ పేర్లలోనుండి తమిళమును తీసివేసినచో మిగులునది మధ్యయుగపు పేరు కాదు, నిన్న పుట్టిన పేరు. అటునుండి ఇటు కూడ చూడుడు: గెట్టిబొమ్ము అను తెలుగు పేరు తమిళుల నోట కట్టబొమ్మన్ అయ్యెను; 1799లో కయత్తారున ఉరిదీయబడిన ఆ వీరుని తమిళదేశమంతయు తమవానిగా తలచుచున్నది. అతనికి అది కొరత యైనదా?

ఆడపిల్లల విషయమున మరియొక చిక్కు. రాణి మంగమ్మ వేషమునకు ఒప్పుకొన్న బాలిక తల్లికి ‘మంగమ్మ’ అను పేరు మరీ సామాన్యముగా తోచినది. ‘మంగళాంబికా మహారాజ్ఞీ దేవి’ అని వ్రాసి తెచ్చెను. 1689 మొదలు పదునారేండ్లకు పైగా, పసివాడైన మనుమని పేర రాజ్యమును నడిపిన ఆ తల్లి మంగమ్మగానే నడిపినది. ఆమె వేయించిన బాటలను, కట్టించిన సత్రములను నేటికిని జనులు మంగమ్మ పేరుతోనే తలచుచున్నారు. అలమేలుమంగ పేరది, దానికి మెరుగు పెట్టువార మెవరము?

ఇక విదేశపు సంగతి యొకటి చెప్పెదను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున బర్క్‌లీ పట్టణములో 1966లో కొందరు విద్యావంతులు వినోదమునకై మధ్యయుగపు వేషములు వేసి ఆడిరి. దానినుండి ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం’ అను సంఘము పుట్టి పెక్కు దేశములకు వ్యాపించెను. అందు చేరినవాడు తనకొక పేరును, ఒక లాంఛనమును నమోదు చేసికొనవచ్చును. కాని కోరిన దెల్ల దొరకదు. వందిమాగధుల వంటి లాంఛనాధికారులు కలరు. పేరును కోరిన వానిని ఇది ఏ దేశమున, ఏ కాలమున, ఏ పత్రమున నున్నదని అడుగుదురు. దూరదేశములను, దూరకాలములను ఒకే పేరున అతుకనీయరు. ఒక్క పేరు చాలదు. ఊరో, తండ్రియో, వృత్తియో తెలుపు రెండవ మాట కావలెను. తనకు లేని పదవిని సూచించు మాటను తిరస్కరింతురు. ముందే నమోదైన లాంఛనమునకు మరీ దగ్గరగా నున్నదానిని అంగీకరింపరు. త్రోసివేసినపుడు కారణమును వ్రాసి అందరికిని తెలియునట్లు ప్రకటింతురు.

దీనిని చెప్పినపుడు సంఘములోని పెద్ద లొకరు కోపగించిరి. ఆ చరిత్రలో బ్రతికిన వారి బిడ్డలము మనము. వేషము వేసికొను అమెరికావారు మనకు నేర్పవలెనా అనిరి. నేర్పవలసియే యున్నది. వారు ఆడుచున్నామని ఎరిగి ఆడుచున్నారు, కనుకనే ఆటకు నియమము పెట్టుకొనిరి. అక్కడ ప్రభువు బిరుదు ధరించినవాడు సోమవారమునాడు తన అసలు పేరుతో కచ్చేరికి పోవును. మనము అసలు పేరును ఇంట మరచి, వేషపు పేరుతో ఊరేగుచున్నాము.

అసలు పేరనగా ఇంటిపేరు. వ్యాసమంతయు దీనికొరకే వ్రాసితిని. 1862లో రైలుదారి వచ్చి పోదనూరు కూడలి యగుటకు ఎన్నో తరముల ముందే మన కుటుంబములు ఈ కొంగునాట నల్లరేగడి దున్నుచుండెను. వచ్చినప్పుడు తెచ్చిన బండ్లు లేవు, కత్తులు లేవు. తెచ్చినవానిలో నిలిచినవి రెండే: ఇంట మాటలాడు తెలుగు, ఇంటిపేరు. పెమ్మసాని, రావెళ్ల అను ఇంటిపేర్లు విజయనగర సేనానుల గాథలలో కనబడును. తిరునెల్వేలి సీమ జమీందారీ వంశములలోను కనబడును. నడుమనున్న దారి యెంతయో ఆ పేరు చెప్పును. అది శాసనము కాదా? ఇట్టి దానిని మనము బడి పట్టికలో తండ్రి పేరు యొక్క మొదటి అక్షరమునకు తావిచ్చి వదలివేసితిమి. ఈ దేశాచారము మంచిదే, పట్టిక వ్రాయువాని తప్పును లేదు. ఐతే ఇంటిపేరు ఇప్పుడు పెండ్లి సంబంధము మాటలాడునాడు మాత్రమే నోట వచ్చుచున్నది. సగోత్రమా కాదా అని తేల్చి మరల మూలకు నెట్టివేయబడుచున్నది. నేటి పిల్లలలో తమ ఇంటిపేరు అడిగిన చెప్పలేనివా రెందరో కలరు. వారే అట్టముక్కపై ‘వంశచిహ్నము’ అతికించుచున్నారు.

విగ్రహములను చూచియైనను నేర్చుకొనరాదా? మధుర మీనాక్షి ఆలయపు తూర్పు గోపురమున కెదురుగా నున్న పుదుమండపమున నాయకుల శిల్పములు కలవు. తిరుమల నాయకుడు, ఆయన పూర్వులు అక్కడ నిలువెత్తున నిలిచియున్నారు. చేతులు జోడించి యున్నారు. తిరుమల కొండపై కృష్ణరాయలును, దేవేరు లిద్దరును అట్లే నిలిచియున్నారు. ఎవ రెవరో తెలియుటకు విగ్రహములపై పేర్లు చెక్కబడియున్నవి. రాయల తలపై కుళ్లాయి కలదు. ఆ మాట పారసీకపుది. మన దర్జీ కుట్టిన జరీ కిరీటము కంటె ఆ కుళ్లాయి కుట్టుట సులభము, ఖర్చును తక్కువ.

వేషములు మానవలెనని నా వాదము కాదు. పిల్లలకు చరిత్ర పుస్తకమున రానిది వేషమున వచ్చును. ఆ డాలు పట్టిన బాలుడే, అభ్యాసము ముగిసిన తరువాత, విశ్వనాథ నాయకుడు ఎవరని నన్ను అరగంటసేపు అడిగెను, నాగమ నాయకుని కుమారుడని, 1529 ప్రాంతమున మధురకు వచ్చెనని, తన శాసనములలో నాయకుడనే చెప్పుకొన్నాడని చెప్పగా, “ఐతే చక్రవర్తి ఎవరు?” అని తానే ప్రశ్నించెను. పరిశీలన యనగా ఇంతే. అడుగువాడొకడు కావలెను.

కనుక వచ్చు ఉగాదికి సంఘము ముగ్గురితో ఒక చిన్న పరిశీలక మండలిని ఏర్పరుపవలెనని కోరుచున్నాను. అందొకరు తమిళ శాసనములు చదువగలవారై యుండుట మేలు. వారు తెలుగువారే కానక్కరలేదు. సత్యనాథయ్యరుగారి మధుర నాయకుల చరిత్ర 1924 నాటి గ్రంథము. దానిని, రాయవాచకమును సంఘపు బీరువాలో నుంచినచో పేర్లకు కొరత యుండదు. వేషము కోరువారు పేరును, అది దొరికిన చోటును ఒక కాగితముపై వ్రాసి యీయవలెను. లాంఛనము కావలెనన్నచో అది ఏ నాణెముపైనిదో, ఏ ముద్రపైనిదో చూపవలెను. త్రోసివేసినచో కారణము చెప్పి, తగిన మరియొక పేరును మండలియే చూపవలెను. పిల్లవానిని వట్టిచేతులతో పంపరాదు. అదే కాగితముపై చివర వరుసలో ఆ బిడ్డ యొక్క ఇంటిపేరు ఉండవలెను. తెలియనివారు ఇంట అవ్వ నడిగి రావలెను.

ఆ బాలుడు అడిగి వచ్చెను. వాని అవ్వ ఇంటిపేరుతోపాటు, తాము విడిచి వచ్చితిమని విన్న ఊరి పేరును కూడ చెప్పినదట. ఉగాదినాడు వాడు సాదా ధోవతి, నడుమున కటారి, తలపై కుళ్లాయితో వచ్చి, ఇంటిపేరుతో మొదలుపెట్టి తన పేరు చెప్పి, చివర ‘నాయకుడు’ అని నిలిపెను. డాలు మాత్రము సంఘపు గదిలో బీరువా వెనుక నున్నది. అట్ట గట్టిదే, సింహములను ఊడదీసినచో కవిసమ్మేళనపు ప్రకటనకు పనికివచ్చును.