బందీల మృతికి జవాబుదారులెవరు?

2015 ఏప్రిల్ 23న అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా శ్వేతసౌధంలో విలేకరుల ముందుకు వచ్చి, మూడు నెలల క్రితం జరిగిన ఒక దాడి సంగతి బయటపెట్టారు. అఫ్గానిస్థాన్-పాకిస్థాన్ సరిహద్దులో అల్‌ఖైదా స్థావరంపై జనవరిలో అమెరికా చేసిన దాడి అది. అందులో ఉగ్రవాదులతోపాటు వారి చెరలో ఉన్న ఇద్దరు బందీలు కూడా చనిపోయారు. ఒకరు మేరీలాండ్‌ రాష్ట్రంలోని రాక్‌విల్‌ వాసి వారెన్ వైన్‌స్టీన్. ఆయనకు 73 ఏళ్లు. రెండోవారు ఇటలీలోని పలెర్మోకు చెందిన సహాయ కార్యకర్త జొవాన్ని లో పోర్తో. అధ్యక్షుడిగా, సర్వసేనానిగా బాధ్యతంతా తనదేనని ఒబామా ప్రకటించారు. రెండు కుటుంబాలకూ క్షమాపణ చెప్పారు.

అదే రోజు వైన్‌స్టీన్ భార్య కూడా ఒక ప్రకటన ఇచ్చారు. తన భర్త మరణానికి అంతిమ బాధ్యత ఆయన్ను ఎత్తుకుపోయినవారిదేనని ఆమె అన్నారు. అక్కడితో ఆగలేదు. ఆయన్ను విడిపించే ప్రయత్నాల్లో అమెరికా ప్రభుత్వంలోని కొన్ని విభాగాల సాయం నిలకడగా లేదనీ, తమను నిరాశపరచిందనీ చెప్పారు. పాకిస్థాన్ ప్రభుత్వాన్నీ వదిలిపెట్టలేదు. భర్తను పోగొట్టుకున్న మనిషి అంత దుఃఖంలోనూ దోషం ఎవరిదో, జవాబు ఎవరెవరు చెప్పాలో విడివిడిగా చూడగలిగారు. యుద్ధకాలంలో బందీల మృతిపై జరిగే చర్చల్లో ప్రభుత్వాలూ వాటి విమర్శకులూ చాలాసార్లు చూడలేనిది ఇదే. ఒక పక్షం నేరమంతా ఉగ్రవాదులదని చెప్పి చేతులు దులుపుకుంటుంది. ఇంకో పక్షం బాంబు వేసినవాడినే హంతకుడంటుంది. తిలాపాపం తలా పిడికెడు అన్న సామెత ఇక్కడ చెల్లదు. బందీని పట్టినవాడి నేరం పూర్తిగా వాడిదే. కాల్చినవాడు చెప్పాల్సిన జవాబూ పూర్తిగా అతనిదే. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది తగ్గదు.

వైన్‌స్టీన్ అమెరికా అభివృద్ధి సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ కాంట్రాక్టు మీద పాకిస్థాన్‌లో పనిచేసేవారు. పని ముగించుకుని స్వదేశానికి బయల్దేరడానికి కొద్ది రోజుల ముందు, 2011 ఆగస్టు 13న, లాహోర్‌లోని ఇంటి నుంచి ఆయన్ను ఎత్తుకెళ్లారు. లో పోర్తోను 2012 జనవరిలో ముల్తాన్‌లో అపహరించారు. ఆయనతోపాటు పట్టుబడిన జర్మన్ సహోద్యోగి 2014 అక్టోబరులో విడుదలయ్యాడు. వైన్‌స్టీన్ కుటుంబం 2012లో రెండున్నర లక్షల డాలర్లు ముట్టజెప్పిందనీ, మధ్యవర్తి నమ్మదగినవాడో కాదో చూసిపెట్టడంలో ఎఫ్‌బీఐ సాయపడిందనీ తర్వాత వార్తలు వచ్చాయి. డబ్బు చేరింది, మనిషి రాలేదు. 2013 డిసెంబరులో బయటికొచ్చిన వీడియోలో ఆ పెద్దాయన తనను అందరూ వదిలేశారనీ, మరచిపోయారనీ ఒబామాను ఉద్దేశించి వాపోయారు.

ఆ స్థావరంపై వందల గంటలు నిఘా పెట్టామని శ్వేతసౌధం చెప్పింది. లోపల అల్‌ఖైదా వాళ్లున్నారని కదలికలను బట్టి నిర్ధారించుకున్నారు. ఫలానా వ్యక్తి ఉన్నాడని తెలిసి చేసిన దాడి కాదు. అందులో పోయిన అహ్మద్ ఫారూక్, అదే నెలలో మరో దాడిలో పోయిన ఆడమ్ గాడాన్ ఇద్దరూ అమెరికా పౌరులే. వారు అక్కడున్నట్టు కూడా ముందుగా తెలియదని ప్రభుత్వమే ఒప్పుకొంది. నలుగురు ఉన్నారనుకున్న చోట శిథిలాల నుంచి ఆరు మృతదేహాలు తీశారనీ, ఏదో తేడా జరిగిందన్న అనుమానం అక్కడే మొదలైందనీ అమెరికా పత్రికలు రాశాయి. 2013 మేలో ఒబామా తానే ఒక నియమం ప్రకటించారు. పౌరులెవరూ గాయపడరనీ, చనిపోరనీ దాదాపు నిశ్చయంగా తెలిస్తేనే దాడి చేయాలన్నది ఆ నియమం. వందల గంటల నిఘా కంటికి ఇద్దరు బందీలు కనబడలేదంటే, ఆ నిశ్చయాన్ని దేన్ని బట్టి కొలిచారన్నది అడగక తప్పని ప్రశ్న. ఇంటి లోపల మూలన కట్టిపడేసిన మనిషి ఆకాశం నుంచి చూసే కెమెరాకు చిక్కడు. బందీని పట్టినవాళ్లు కోరుకునేదీ అదే. సరిహద్దు కొండల్లో అమెరికన్ బందీ ఒకడు ఏళ్ల తరబడి ఉన్నాడని తెలిసినప్పుడు, కనబడకపోవడాన్ని లేకపోవడంగా లెక్కేయడం దురదృష్టం ఖాతాలో వేసే పొరపాటు కాదు. అది పద్ధతిలోని లోపం. ఒబామా సమీక్షకు ఆదేశించారు గానీ దాని పూర్తి పాఠం ప్రజల ముందుకు రాలేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. బందీలను పట్టుకోవడాన్ని 1949 నాటి జెనీవా ఒప్పందాలు నిషేధించాయి. 1979లో ఐక్యరాజ్యసమితి దీనికోసమే ప్రత్యేక ఒప్పందం తెచ్చింది. శత్రువు పౌరులను అడ్డుపెట్టుకున్నా సరే, ఎదుటి పక్షం తన జాగ్రత్తలు మానడానికి వీల్లేదని 1977 నాటి మొదటి అదనపు ప్రొటోకాల్ స్పష్టంగా చెబుతోంది. అమెరికా దాన్ని ఆమోదించలేదు. 1987లో అధ్యక్షుడు రీగన్ దాన్ని సెనేట్ ఆమోదానికి పెట్టనని చెప్పేశారు. మానవ కవచాలుగా వాడిన పౌరులను నష్టం లెక్కలో ఎలా చూడాలన్న విషయంపై పెంటగాన్ 2015లో తెచ్చిన యుద్ధ చట్టాల కరదీపిక మీద న్యాయ నిపుణులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2016 డిసెంబరులో ఆ భాగాన్ని సవరించాల్సి వచ్చింది.

ఇంతకంటే ఆసక్తి కలిగించేవి అమెరికా సొంత కోర్టులు దేశం లోపల జరిగిన నేరాల్లో చెప్పిన తీర్పులు. టెక్సస్‌లో రైలు దోపిడీ చేసినవాళ్లు ఒక రైలు ఉద్యోగిని కాల్పుల మధ్యకు నెట్టారు. దోపిడీని అడ్డుకోవడానికి కాల్చినవారి తూటాకే అతను బలయ్యాడు. తూటా ఎవరిదైనా అతన్ని అక్కడ నిలబెట్టినవారిదే హత్యానేరమని ఆ రాష్ట్ర అప్పీళ్ల కోర్టు 1900లో తేల్చింది. బందీని పట్టినవాడి దోషం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పలేం. 1971 అక్టోబరులో మరో ఘటన. నాష్‌విల్‌లో ఒక సాయుధుడు తన భార్యతో సహా చిన్న విమానాన్ని హైజాక్ చేసి, ఇంధనం కోసం ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో దింపించాడు. ఓపిగ్గా మాట్లాడే అవకాశం ఉండగానే ఎఫ్‌బీఐ సిబ్బంది విమానం టైర్లు కాల్చారు. అతను పైలట్‌నూ భార్యనూ చంపి, తననూ కాల్చుకున్నాడు. మృతుల తరఫువారు దావా వేస్తే, 1975లో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ప్రభుత్వ నిర్లక్ష్యాన్ని గుర్తించి తీర్పు చెప్పింది. చంపింది హైజాకరే, అందులో సందేహం లేదు. అయినా వేచి చూడాల్సిన చోట తొందరపడినందుకు ప్రభుత్వమూ జవాబు చెప్పాల్సి వచ్చింది.

ఈ న్యాయం దేశ సరిహద్దు దాటదు. ప్రభుత్వంపై దావాలకు వీలు కల్పించిన 1946 నాటి చట్టమే, విదేశీ గడ్డపై తలెత్తిన దావాలనూ యుద్ధకాలంలో సైన్యం పోరాట చర్యల వల్ల తలెత్తిన దావాలనూ మినహాయించింది. జాక్సన్‌విల్ రన్‌వే మీద చనిపోయిన పైలట్ కుటుంబం కోర్టు మెట్లెక్కగలిగింది. పాకిస్థాన్ కొండల్లో పోయిన అమెరికన్ పౌరుడి కుటుంబానికి ఆ దారి మూసుకుపోయింది. లో పోర్తో కుటుంబంతో 2016లో అమెరికా ఒప్పందం చేసుకుని 11 లక్షల 85 వేల యూరోలు ఇచ్చింది. దాన్ని ఎక్స్‌గ్రేషియాగానే రాసుకున్నారు. తన సార్వభౌమ రక్షణను వదులుకోవడం లేదని కూడా అమెరికా అందులో చేర్పించింది. డబ్బు ఇవ్వడం మంచిదే. కానీ నిఘా ఎక్కడ తప్పిందన్న ప్రశ్నకు ఆ కాగితాల్లో జవాబు లేదు.

జవాబుదారీతనం ఎలా ఉండాలో చూడాలంటే 2010 నాటి లిండా నార్గ్రోవ్ ఉదంతాన్ని గుర్తుచేసుకోవాలి. ఆమె స్కాట్లండ్‌కు చెందిన సహాయ కార్యకర్త. సెప్టెంబరు 26న అఫ్గానిస్థాన్‌లోని కునార్‌లో అపహరించారు. అక్టోబరు 8న అమెరికా ప్రత్యేక దళాలు ఆమెను విడిపించడానికి వెళ్లాయి, ఆమె చనిపోయారు. దుండగుడు తనను తాను పేల్చుకోవడం వల్లే పోయారని మొదట ప్రకటించారు. అది నిజం కాదు. ఓ అమెరికన్ సైనికుడు విసిరిన గ్రెనేడ్ వల్ల పోయి ఉండవచ్చని మూడు రోజుల్లోనే బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ బహిరంగంగా చెప్పారు. అమెరికా జనరల్ జోసెఫ్ వోటెల్, బ్రిటన్ బ్రిగేడియర్ రాబ్ నిచ్ కలిసి దర్యాప్తు చేశారు. ఆమె అక్కడుందని తెలియక గ్రెనేడ్ విసిరారనీ, ఆ విషయం పైవారికి వెంటనే చెప్పలేదనీ డిసెంబరులో తేలింది. చెప్పనందుకు క్రమశిక్షణ చర్యలు తీసుకున్నారు. చీకట్లో, కాల్పుల మధ్య గ్రెనేడ్ విసిరిన సైనికుడిని హంతకుడు అనలేం. నిజం దాచడం మాత్రం చీకట్లో జరిగిన పొరపాటు కాదు. ఈ రెంటి మధ్య గీత గీసిన దర్యాప్తు అది. మిత్రదేశపు ప్రధాని గట్టిగా నిలబడకపోతే అంత త్వరగా తేలేది కాదన్నది నా అభిప్రాయం.

2014 డిసెంబరు 6న యెమెన్‌లో అమెరికా నౌకాదళ కమాండోలు దిగినప్పుడు కథ వేరుగా నడిచింది. ఫొటో జర్నలిస్టు ల్యూక్ సోమర్స్‌ను మూడు రోజుల్లో చంపుతామని అల్‌ఖైదా బెదిరించింది. నవంబరులో జరిపిన ఒక దాడి అప్పటికే విఫలమైంది, ఆయన్ను అంతకుముందే వేరే చోటికి మార్చేశారు. రెండోసారి కమాండోలు వస్తున్న అలికిడికే కాపలావాళ్లు బందీలను కాల్చారు. సోమర్స్ పక్కనే పియెర్ కోర్కీ అనే దక్షిణాఫ్రికా ఉపాధ్యాయుడు ఉన్నారు. గిఫ్ట్ ఆఫ్ ది గివర్స్ అనే దక్షిణాఫ్రికా సహాయ సంస్థ మాట్లాడి ఆయన విడుదల ఖాయం చేసుకుంది. మర్నాడే బయటికి రావాల్సిన మనిషి. ఆ సంగతి తమకు తెలియదని అమెరికా అంది. చంపింది అల్‌ఖైదా. ఆ రాత్రి వెళ్లాలన్న నిర్ణయాన్నీ నేను తప్పుపట్టలేను, గడువు ముంచుకొచ్చింది. కానీ ఒకే చెరలో ఉన్న రెండో మనిషి కోసం ఎవరు ఏం మాట్లాడుతున్నారో తెలుసుకునే ఏర్పాటు లేకపోవడం ప్రభుత్వాల వైఫల్యం. ఒబామా 2015 జూన్‌లో బందీల విధానాన్ని మార్చారు. ఎఫ్‌బీఐలో అన్ని శాఖలూ కలిసి పనిచేసే విభాగం పెట్టారు. డబ్బు చెల్లించే కుటుంబాలపై కేసులుండవని భరోసా ఇచ్చారు. అంతకుముందు కేసుల మాటెత్తి కుటుంబాలను బెదిరించారన్నది ఐసిస్ చేతిలో హతుడైన జేమ్స్ ఫోలీ తల్లి ఆవేదన.

సైన్యం అలికిడినే బందీకి మరణశాసనంగా మార్చే ఎత్తు గాజాలోనూ కనబడింది. అమెరికన్-ఇజ్రాయెలీ యువకుడు హెర్ష్ గోల్డ్‌బర్గ్-పోలిన్ తల్లిదండ్రులు 2024 ఆగస్టులో షికాగోలో డెమొక్రటిక్ పార్టీ సభావేదికపై కొడుకు కోసం మాట్లాడారు. ఆ నెల ముగిసేలోగా అతన్నీ మరో అయిదుగురినీ హమాస్ రఫాలోని సొరంగంలో కాల్చిచంపింది. సైన్యం దగ్గరకొస్తే ఏం చేయాలో కాపలావాళ్లకు జూన్ నుంచే కొత్త ఆదేశాలున్నాయని హమాస్ ప్రతినిధి స్వయంగా చెప్పాడు. ఆ ఆదేశమే నేరాంగీకారం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. లిబియాలోని సిర్త్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగువారిని, ఒకరిది ఆంధ్రప్రదేశ్, ఒకరిది తెలంగాణ, 2015 జులై 29న అపహరించారు. ఏడాది గడిచాక, 2016 ఆగస్టు 1న, సిర్త్‌లోని ఐసిస్ స్థావరాలపై అమెరికా వైమానిక దాడులు మొదలయ్యాయి. డిసెంబరు దాకా దాదాపు 500 దాడులు చేశారు. ఆ ఇద్దరూ సెప్టెంబరు మధ్యలో బయటపడ్డారని విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించినప్పుడు రెండు రాష్ట్రాలూ ఊపిరి పీల్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌కే చెందిన ఒక వైద్యుడు 2017 ఫిబ్రవరిలో గానీ విడుదల కాలేదు. జరగరానిది జరిగి, ఆ దాడుల్లో వీరిలో ఎవరైనా పోయి ఉంటే వాషింగ్టన్ నుంచి ఫోన్ వచ్చేదా? విచారణ జరిగేదా? వైన్‌స్టీన్, లో పోర్తోల పేర్లు చెప్పిన గొంతుతోనే మనవాళ్ల పేర్లూ చెప్పేవారని నమ్మడానికి ఆధారం కోసం వెదికితే నిరాశే మిగులుతుంది.

2009 నుంచి 2015 దాకా ప్రత్యక్ష యుద్ధరంగాలకు వెలుపల జరిపిన 473 దాడుల్లో 64 నుంచి 116 మంది దాకా పౌరులు చనిపోయారని 2016 జులై 1న ఒబామా ప్రభుత్వం లెక్క చెప్పింది. స్వచ్ఛంద సంస్థల అంచనాలు అంతకన్నా చాలా ఎక్కువ. సరే, ఆ లెక్కే నిజమనుకున్నా అందులో పేర్లు లేవు, చోట్లు లేవు, తేదీలు లేవు. అఫ్గాన్-పాక్ సరిహద్దు గ్రామాల్లో ఇంట్లోకి సాయుధులు వచ్చి కూర్చుంటే పొమ్మనలేని కుటుంబాలూ ఒక రకంగా బందీలే. వారికోసం ఏ అధ్యక్షుడూ పేరుపెట్టి క్షమాపణ చెప్పలేదు.

తనవాళ్ల విషయంలో కూడా అమెరికా ఈ పని త్వరగా చేయలేదు. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో యుద్ధఖైదీలుగా ఉన్న 12 మంది అమెరికన్ సైనికులు సొంత దేశపు బాంబుకే బలయ్యారు. వారెవరో ఆరా తీసి, కుటుంబాలను వెదికి వివరాలు చేరవేయడానికి దశాబ్దాలు వెచ్చించింది షిగెయాకి మోరి. ఎనిమిదేళ్ల వయసులో ఆ బాంబు దెబ్బ తిని బతికిన జపాన్ పౌరుడాయన. 2016 మేలో హిరోషిమా వెళ్లిన ఒబామా తన ప్రసంగంలో ఆ అమెరికన్ ఖైదీలను ప్రస్తావించారు, మోరిని గుండెకు హత్తుకున్నారు. ఆ కుటుంబాలకు జరిగింది చెప్పాల్సిన పని అంతకు ఎన్నో ఏళ్ల ముందే వాషింగ్టన్ చేయాల్సింది.

దాడుల్లో పౌర మరణాల లెక్క ఏటా ప్రకటించాలన్న ఒబామా 2016 ఉత్తర్వులోని నిబంధనను 2019 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ రద్దు చేశారు. పెంటగాన్ ఎలాగూ ఏటా కాంగ్రెస్‌కు నివేదిక ఇస్తోంది కాబట్టి ఇది అనవసరమన్నారు. పెంటగాన్ నివేదికలో సైన్యం చేసిన దాడులే ఉంటాయి, సీఐఏ చేసేవి అందులోకి రావు. కాంగ్రెస్ తలచుకుంటే ఒక సవరణతో వాటినీ చేర్చవచ్చు. బందీ ఏ దేశస్థుడైనా సరే, దాడిలో చనిపోయినట్టు తెలిసిన వెంటనే ఆ దేశానికీ కుటుంబానికీ తెలపాలనీ, నార్గ్రోవ్ విషయంలో చేసినట్టు సంయుక్త దర్యాప్తు జరిపించి దాని ఫలితం ప్రకటించాలనీ అదే చట్టంలో రాయవచ్చు. అలా రాయమని అడగాల్సినవారిలో, గల్ఫ్ నుంచి ఆఫ్రికా దాకా ఘర్షణ ప్రాంతాల్లో లక్షలాది పౌరులు పనిచేస్తున్న భారత ప్రభుత్వం కూడా ఉంది.