తుఫానుకు ముందు మన కర్తవ్యం

ఆశ్వయుజం దాటి కార్తీకం వచ్చిందంటే కోస్తా రైతుకు కంటిమీద కునుకుండదు. చేలో వరి పాలుపోసుకుంటూ ఉంటుంది. సముద్రం వైపు మబ్బు కమ్ముతూ ఉంటుంది. పంట గాదెలో పడేదాకా అది తనదో, వరుణదేవుడిదో తెలియదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుఫాను, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ, 2023 డిసెంబరు 5 నాటి మిచౌంగ్ - ఇవన్నీ అక్టోబరు, డిసెంబరు మధ్య వచ్చినవే. రాక తెలిసిన చుట్టమే ఐనా, ప్రతి ఏడూ మనం చెప్పాపెట్టకుండా వచ్చినట్లు కంగారుపడతాం. ఇది ఎంతకాలం?

విజ్ఞానశాస్త్రం తన వంతు పని చాలావరకు చేసింది. దివిసీమలో సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన, ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1990 మే నెలలో దాదాపు అంతటి తుఫానే మచిలీపట్నానికి దగ్గరలో తీరం దాటింది. ఈసారి ప్రాణనష్టం వెయ్యికి లోపే. కారణం? ఈ మధ్యకాలంలో తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి. ఉపగ్రహాలు, రాడార్లు ముందుగా కనిపెట్టాయి. లక్షమందికి పైగా జనాన్ని గాలి రాకముందే తరలించారు. నేడు వాతావరణ శాఖవారు కనీసం 48 గంటల ముందు 'అలర్ట్', 24 గంటల ముందు 'వార్నింగ్' ఇస్తున్నారు.

ఐతే ఆ 48 గంటలు మన ఊళ్లల్లో ఎట్లా గడుస్తున్నాయి? "ఇట్టాంటివి ఎన్ని చూళ్లేదురా, ఏంగాదులే" అంటాడు ఒక పెద్దాయన. "గొడ్లనొదిలిపెట్టి ఎక్కడికి పోతాం?" అంటాడు మరొక రైతు. మా నాయనమ్మనడిగితే, "విత్తనాల బస్తాలు ఎవరికప్పజెప్పి రమ్మంటావురా?" అంటుంది. పట్నంలో డాబా ఇంట్లో కూర్చుని దీన్ని మూఢత్వం అనడం సులువు. నేనట్లా అనలేను. రైతుకూలీ ఇంట్లోనైనా, సన్నకారు రైతు ఇంట్లోనైనా ఉన్న ఆస్తి అంతా ఆ నాలుగు గోడల మధ్యే ఉంటుంది. వచ్చే ఏటి విత్తనం, పాడిగేదె, పట్టాదారు పాసుపుస్తకం, ఆడపిల్ల పెళ్లికి దాచిన కాసు బంగారం అన్నీ అక్కడే. వాటిని గాలికొదిలేసి లారీ ఎక్కమంటే ఎవరు ఎక్కుతారు?

కనుక నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇల్లు సర్దుకున్నవాడే ధైర్యంగా ఇల్లు వదలగలడు. ఇంటిని ముందుగా సిద్ధం చేసుకోవడం ఇంటిని కాపాడుకోవడానికి మాత్రమే కాదు. సమయం వచ్చినప్పుడు వెనక్కి చూడకుండా షెల్టరుకు నడవడానికి.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించాలి. విత్తనాన్ని అటకెక్కించాలి. అటుకులు, మరమరాలు, బెల్లం వంటి పొయ్యితో పనిలేని తిండి మూడు రోజులకు ఉండాలి. బిందెలన్నీ మంచినీళ్లతో నింపి మూతలు పెట్టాలి. టార్చిలైటు, అగ్గిపెట్టె, రోజూ వాడే మందులు ఒకచోట ఉండాలి. సెల్‌ఫోను ఉందిగదా అని రేడియోను చిన్నచూపు చూడవద్దు. హుద్‌హుద్ నాడు విశాఖ వంటి మహానగరంలోనే కరెంటు, ఫోన్లు, మంచినీళ్లు, పాలు ఒక్కసారిగా కరువయ్యాయి. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో అటువంటప్పుడే అక్కరకొస్తుంది.

ఇంటిమీదికి వాలిన ఎండుకొమ్మలు, కొబ్బరి మట్టలు ముందే కొట్టించాలి. కదిలే రేకులను బిగించాలి. గాలి తాకిడి దాని వేగానికి వర్గంగా పెరుగుతుందని ఫిజిక్సులో చదువుకున్నాం. 60 కిలోమీటర్ల గాలి కన్నా 180 కిలోమీటర్ల గాలి తాకిడి మూడింతలు కాదు, తొమ్మిదింతలు! అంతటి గాలిలో ఎగిరే రేకు కత్తితో సమానం. తుఫాను కన్ను మనమీదుగా పోయేటప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగుతుంది. "పోయిందిలే" అని బయటికొచ్చినవాళ్ల మీద కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి గాలి విరుచుకుపడుతుంది. ఈ సంగతి ఇంటింటికీ చెప్పవలసిన మాట.

గొడ్లను ముందే మెరకకు తోలాలి. వీలుకాకపోతే కనీసం పలుపులు విప్పాలి. దివిసీమలో కట్టుకొయ్యల దగ్గరే ప్రాణాలు వదిలిన పశువులను తలచుకుంటే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. కోసిన వరి పనలమీద ఉంటే వీలైనంత కుప్ప వేసుకోవాలి. తడిసిన కంకులు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. తుఫాను వెలిశాక తెగిన కరెంటు తీగల జోలికి పోకూడదు. మునిగిన బావినీళ్లలో బ్లీచింగ్ వేయనిదే తాగకూడదు. 1,000 లీటర్లకు కనీసం 2.5 గ్రాముల మంచి పౌడరు కలిపి గంట ఆగాలి. కాచి చల్లార్చితే మరీ మంచిది.

"ఇదంతా గవర్నమెంటు పనిగదా" అనేవారున్నారు. షెల్టర్లు కట్టడం, వాటికి తలుపులు, నీళ్లు ఉండేట్లు చూడడం నిశ్చయంగా ప్రభుత్వం పనే. అడగవలసిందే, నిలదీయవలసిందే. కాని ఏ ఇంట్లో నిండుచూలాలు ఉందో, ఏ ముసలమ్మకు చూపు ఆనదో, ఏ గుడిసెలో ఒంటరి మనిషి ఉన్నాడో జిల్లా కేంద్రంలోని అధికారికి తెలియదు. పక్కింటివాడికి తెలుసు. ఊరికి దూరంగా ఉన్న పేటలకు, గుడిసెలకు కబురు చివరగా చేరుతుంది. గాలి మాత్రం మొదట అక్కడే కొడుతుంది. కనుక ఇరుగుపొరుగు కలిసి, ఎవరిని ఎవరు తీసుకుపోవాలో ఎండ కాస్తుండగానే అనుకోవాలి.

సోదర సోదరీ విద్యార్థులారా! ప్రతి తుఫాను తరువాత మనం డబ్బాలు పట్టుకుని బజార్ల వెంట తిరిగి చందాలు పోగుచేస్తాం. పాతబట్టలు, బియ్యం లారీకెక్కించి ఫోటో దిగుతాం. అది మంచి పనే, కాదనను. కాని ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్లు కాకూడదుగదా! దసరా, దీపావళి సెలవులకు మనం ఊరికి పోయేది సరిగ్గా తుఫాను రోజుల్లోనే. ఆ సెలవుల్లో ఒక్క పూట మన వీధిలోని పది ఇళ్ల తలుపులు తడదాం. కాగితాలు సంచిలో కట్టించుదాం. షెల్టరు దారి పిల్లలకు చూపించుదాం. మన యూనియన్ ఈ ఏడాది చేపట్టదగిన కార్యక్రమం ఇంతకన్నా మరొకటి లేదని నా మనవి. పెద్దలైన అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు చేయి కలిపితే పది ఇళ్లు వంద ఇళ్లవుతాయి.

చదువుకున్న పిల్లాడు ఊళ్లో ఉన్నందుకు ఆ వీధికి ఈపాటి మేలైనా జరగాలి.